షుగరు డాక్టర్లకు పాఠాలు చెప్పిన డాక్టరు

జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పరిగెడతాం. మూడు రోజులు మందు మింగుతాం. తగ్గిపోతుంది. జ్వరంతోపాటు డాక్టరునీ మర్చిపోతాం. షుగరు అలాంటిది కాదు. బి.పి., ఉబ్బసం, కీళ్లవాతం కూడా అంతే. ఒకసారి గడప తొక్కాయంటే మనతోపాటే కాపరం ఉండిపోయే జబ్బులివి. అలాంటి జబ్బుకి మందు రాసే డాక్టరు, ఎప్పుడో కాలేజీలో చదివిన నాలుగు ముక్కలతోనే కాలక్షేపం చేస్తే మన గతేం కావాలి? మందులు మారుతుంటాయి, పరీక్షలు మారుతుంటాయి, మన ఒళ్లూ మారుతుంటుంది. డాక్టరు చదువు ఒక్కటే మారకుండా ఉంటే ఎలా?

సరిగ్గా ఈ ప్రశ్నని నూరేళ్ల కిందటే పట్టుకుని, తొంభై రెండేళ్లు నిండిన వయసుదాకా దానికి జవాబు వెతుకుతూనే ఉన్న పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో పని చేసిన డాక్టర్ ఇలియట్ ప్రాక్టర్ జాస్లిన్. ఇన్సులిన్ అనగానే బ్యాంటింగ్, బెస్ట్ పేర్లు పిల్లలు కూడా చెబుతారు. జాస్లిన్ పేరు మాత్రం మనలో చాలామంది విని ఉండరు. ఆయన మందేమీ కనిపెట్టలేదు మరి. కనిపెట్టిన మందుని ఎలా వాడాలో డాక్టర్లకి, నర్సులకి, రోగులకి, వాళ్ల ఇళ్లలో వంట చేసే ఆడవాళ్లకి నేర్పారు. నా మటుకు నాకు ఇదేమీ తక్కువ పని అనిపించదు.

ఖాతా పుస్తకంలో ఎనిమిదో పేరు

1869 జూన్ 6న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో జాస్లిన్ పుట్టారు. పేరు చూసి ఇంగ్లండు అనుకునేరు, ఇది అమెరికాలోని ఊరు. తండ్రికి బూట్ల ఫ్యాక్టరీ ఉండేది. తిండికీ చదువుకీ లోటు లేని ఇల్లు. యేల్ విశ్వవిద్యాలయంలో 1890లో పట్టా పుచ్చుకున్నాక ఇంకో ఏడాది అక్కడే ఉండి శరీర రసాయన శాస్త్రం చదివారు. తర్వాత హార్వర్డ్‌లో వైద్యం. 1895లో తరగతిలో మొదటివాడిగా బయటికొచ్చారు.

వైద్య విద్యార్థిగా ఉండగానే, 1893లో, ఆసుపత్రిలో షుగరు జబ్బుతో చిక్కి శల్యమైన ఒక ఐరిష్ అమ్మాయిని చూశారు. ఆ అమ్మాయి వివరాలన్నీ ఒక ఖాతా పుస్తకంలో రాసిపెట్టుకున్నారు. మన కిరాణా కొట్టువాళ్లు అరువు చిట్టా రాసుకుంటారే, అలాంటి పుస్తకమన్నమాట. పేరు, వయసు, బరువు, ఏం తింటున్నారు, మూత్రంలో చక్కెర ఎంత పోతోంది, ఎన్నాళ్లు బతికారు... అన్నీ అందులోకి ఎక్కాయి. ఆ ఒక్క పేరుతో మొదలైన చిట్టా తర్వాత వేలకి వేల పేర్లతో పెరిగిపోయింది. ఒకే జబ్బు గురించి ఒకేచోట అంత కాలంపాటు అలా రాసిపెట్టినవాళ్లు అప్పటికి మరొకరు లేరు.

చదువు పూర్తయ్యాక యూరప్ వెళ్లి, స్ట్రాస్‌బర్గ్‌లో షుగరు జబ్బు మీద పెద్ద పేరున్న ప్రొఫెసర్ నానిన్ దగ్గర పాఠాలు విన్నారు. 1898లో బోస్టన్‌లో ప్రాక్టీసు పెట్టారు. ఒకే జబ్బుకి ఒక డాక్టరు అనే పద్ధతి అప్పటికింకా కొత్త.

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. తల్లి శారా ప్రాక్టర్ జాస్లిన్‌కి షుగరు ఉందని తేలింది. కొడుకు ఖాతా పుస్తకంలో ఎనిమిదో పేరు ఆవిడదే. కన్నతల్లి పేరుని మిగతా రోగుల పేర్ల మధ్య వరస నెంబరు వేసి రాసుకోవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో! ఆవిడ మాత్రం సామాన్యురాలు కాదు. కొడుకు చెప్పిన పథ్యం అక్షరాలా పాటించింది. బరువు తగ్గింది. ఇన్సులిన్ మందు ఇంకా రాని కాలంలో, ఆ జబ్బుతో పదేళ్లకి పైగా బతికింది. కట్టుదిట్టంగా ఉంటే ఈ జబ్బుతో బతకొచ్చన్న ధైర్యాన్ని ఆయనకి పుస్తకాలకంటే ముందు అమ్మే ఇచ్చింది.

పక్కపక్కన మూడిళ్లు

1921లో ఆయన వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశారు. న్యూ ఇంగ్లండు ప్రాంతంలో ఒక ప్రశాంతమైన పల్లె. ఆ పల్లెలో వెడల్పాటి వీధి. వీధిలో పక్కపక్కనే మూడిళ్లు. ఆ ఇళ్లలో ఒకరి తర్వాత ఒకరుగా కాపరం ఉన్న ఏడుగురు కుటుంబ పెద్దల్లో ఆరుగురు షుగరు జబ్బుతో పోయారు. అదే ఏ టైఫాయిడ్‌తోనో పోయి ఉంటే ఊరంతా గగ్గోలు పెట్టేది, ఆరోగ్య శాఖవాళ్లు దిగేవాళ్లు, నూతులన్నీ పరీక్ష చేయించేవాళ్లు. షుగరుతో పోయారు కాబట్టి ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఆయన బాధ అదీ. అంటువ్యాధికున్న పాటి మర్యాద ఈ జబ్బుకి లేదు. నెమ్మదిగా చంపే జబ్బుని ఎవరూ లెక్క చెయ్యరు. ఈ మాట ఆయన రాసి నూరేళ్లు దాటింది. మన వీధిలో లెక్క తీసినా ఏమంత తేడా వస్తుందంటారు?

డాక్టర్లలో ఈ మొద్దు నిద్ర పోగొట్టాలని ఆయన అప్పటికే రెండు పుస్తకాలు రాసి ఉన్నారు. మొదటిది 1916లో వచ్చింది. తాను స్వయంగా చూసిన వెయ్యి కేసుల ఆధారంగా, డాక్టర్ల కోసం రాసింది. ఇంగ్లీషులో షుగరు వైద్యం మీద వచ్చిన తొలి పెద్ద గ్రంథాల్లో అదొకటి. రెండోది 1918లో. నాకు ఎక్కువ నచ్చింది ఈ రెండోదే. డాక్టరూ రోగీ ఇద్దరూ కలిసి వాడుకోవడానికని అట్ట మీదే వేయించారు. డాక్టరు చదివే పుస్తకం రోగి చేతికివ్వడమనేది ఆ కాలంలో ఎంత సాహసమో ఆలోచించండి. రోగికి అన్నీ తెలిస్తే డాక్టరు విలువ తగ్గిపోతుందని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జాస్లిన్‌కి ఆ భయం లేదు. రోగి ప్రశ్న అడిగితే డాక్టరు జవాబు చెప్పాలి, జవాబు చెప్పాలంటే మళ్లీ చదువుకోవాలి. ఆ పుస్తకంలో ఉన్న కిటుకు అదే.

ఈ రెండు పుస్తకాలనీ అచ్చు వేసి వదిలేయలేదు. కొత్త సంగతి తెలిసినప్పుడల్లా తిరగరాశారు. 1959 నాటికి రెండూ పదేసి ముద్రణలకి వచ్చాయి. అంటే నలభై ఏళ్లపాటు, నిన్న తాను రాసిందాన్ని ఇవాళ తానే దిద్దుకుంటూ పోయారు.

లంఖణాల రోజులు

ఇన్సులిన్ రాకముందు ఈ జబ్బుకి చేసిన వైద్యం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. న్యూయార్క్‌లో డాక్టర్ ఫ్రెడరిక్ ఆలెన్ అని ఒకాయన, తిండి బాగా తగ్గిస్తే మూత్రంలో చక్కెర పోవడం ఆగుతుందని, రోగి ఇంకొన్నాళ్లు బతుకుతాడని చూపించాడు. లంఖణం పరమౌషధం అని మనవాళ్లు అంటారు కదా, అచ్చంగా అదే. రోజుకి కొద్ది వందల కేలరీలు. కూరగాయల్ని మూడుసార్లు ఉడకబెట్టి, ప్రతిసారీ నీళ్లు పారబోసి, అందులో ఉన్న కాస్త పిండిపదార్థమూ పోయాక ఆ పిప్పి పెట్టేవారు. ఆకలికి ఓర్చుకోలేక ఒక పిల్లాడు పళ్లు తోముకునే పేస్టు తిన్నాడట. పంజరంలో పిట్టకి వేసిన గింజలు కూడా తిన్నాడట. ఏ తల్లి చూడగలదు అది?

జాస్లిన్ కూడా ఈ పద్ధతినే పట్టుకున్నారు. మరో దారి లేదు మరి. జబ్బు పిల్లలకొస్తే రోజులు లెక్కపెట్టుకోవడమే. పస్తులు పెడితే నెలలో, ఒకటి రెండేళ్లో కలిసొస్తాయి. ఈ లోపల ఏదైనా మందు రాకపోతుందా అన్నదే ఆశ. కఠినమే గానీ, ఆ ఆశ కొందరి విషయంలో నిజమైంది. బోస్టన్‌లోనే ఉన్న జార్జి మైనాట్ అనే డాక్టరుకి 1921లో షుగరు బయటపడింది. జాస్లిన్ దగ్గరే వైద్యం. గ్రాములు తూచుకుని తింటూ, రోజురోజుకీ చిక్కిపోతూ, ఇన్సులిన్ వచ్చేదాకా ప్రాణం నిలబెట్టుకున్నారు మైనాట్. అలా నిలబెట్టుకున్న ప్రాణంతోనే, అప్పట్లో మనుషుల్ని చంపేస్తున్న ఒక రకం రక్తహీనతకి లివర్ తినిపిస్తే నయమవుతుందని మర్ఫీతో కలిసి 1926లో నిరూపించారు. 1934లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడొక తెలుగు ముచ్చట చెప్పుకోకపోతే నాకు తోచదు. ఆ లివర్‌లో ఉన్న గుణమేమిటో తేల్చాలని అదే హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఆ దారినే పోయి, తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. కడుపుతో ఉన్నప్పుడు మనందరికీ డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్ మాత్ర అదే. బోస్టన్‌లో ఒకాయన పథ్యం పట్టి బతకడానికీ, మన పుట్టింటి అలమరలో ఉండే మాత్రకీ ఎక్కడి నించి ఎక్కడికి ముడిపడిందో చూడండి.

మందు వచ్చింది, వాడటం తెలీదు

1922 జనవరి 11న టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ సూది ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 7న జాస్లిన్ దగ్గరున్న ఎలిజబెత్ మడ్జ్‌కి ఇచ్చారు. ఆవిడ స్వయంగా నర్సు. ఐదేళ్లుగా జబ్బుతో తీసుకుని, 70 పౌన్లకి, అంటే దాదాపు 32 కిలోలకి పడిపోయింది. నెలల తరబడి గది దాటి బయటికి రాలేని మనిషి. సూది మొదలుపెట్టిన కొద్ది వారాలకే లేచి బయట నడక సాగించింది. ఎండిపోయిన ఎముకలు లేచి నిలబడ్డ కథ బైబిల్లో ఒకటుంది. ఇన్సులిన్ వేసుకున్నవాళ్లని చూస్తే జాస్లిన్‌కి ఆ కథే గుర్తొచ్చేదట.

అందరూ పండగ చేసుకున్నారు. ఇక షుగరు బాధ తీరిందనుకున్నారు. జాస్లిన్‌కి మాత్రం అప్పుడే అసలు దిగులు పట్టుకుంది.

ఎందుకంటే ఇన్సులిన్ మామూలు మందు కాదు. తక్కువైతే పని చెయ్యదు. ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, ఒణుకొచ్చి, స్పృహ తప్పుతుంది. మొదట్లో ఒక్కో తయారీ ఒక్కో బలంతో ఉండేది. సూది వేసి అన్నం పెట్టడం ఆలస్యమైతే ప్రమాదం. జ్వరమొస్తే ఒక లెక్క, పని ఎక్కువైతే ఒక లెక్క. ఇదంతా పల్లెల్లో, చిన్న పట్నాల్లో ఉన్న డాక్టరుకి ఎవరు చెప్పాలి? ఆయన చదువుకునే రోజుల్లో ఇన్సులిన్ లేదు. పుస్తకంలో లేదు. పరీక్షలో రాలేదు. ఇప్పుడు ఉన్నట్టుండి మందు చేతికొచ్చింది, రోగి గుమ్మంలో నిలబడ్డాడు.

ఈ చిక్కుని అప్పట్లో మరికొందరు కూడా గుర్తించారు. 1923లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ కొడుకు, జూనియర్ రాక్‌ఫెల్లర్, ఇన్సులిన్ వాడకం డాక్టర్లకి నేర్పడానికీ, లేనివాళ్లకి మందు అందించడానికీ పదిహేను ఆసుపత్రులకి లక్షన్నర డాలర్లు ఇచ్చాడు. మందు కొనడానికి డబ్బివ్వడం మామూలే. మందు వాడటం నేర్పడానికి కూడా డబ్బివ్వడం విశేషం.

జాస్లిన్ తన బోధన అంతా న్యూ ఇంగ్లండ్ డీకనెస్ ఆసుపత్రిలో పెట్టుకున్నారు. అక్కడ రోగి మంచం మీద పడుకుని ఊరికే సూదులు వేయించుకుంటే కుదరదు. క్లాసుకి రావాలి! తన మూత్రం తానే పరీక్ష చేసుకోవాలి. గాజుగొట్టంలో నీలంరంగు బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించడం. నీలంగానే ఉంటే మంచిది. పచ్చబడితే కాస్త చక్కెర. పసుపు, నారింజ దాటి ఇటుకరంగు తిరిగిందంటే జాగ్రత్త పడాల్సిందే. మన అమ్మల తరంలో ఈ గాజుగొట్టం, స్పిరిట్ దీపం ఎన్నో ఇళ్లలో ఉండేవి, మీకూ గుర్తుండే ఉంటుంది. గాజు సిరంజిని నీళ్లలో మరిగించుకోవాలి. తన సూది తానే వేసుకోవాలి. తిండి కాటా మీద తూచుకోవాలి. ఆహారం, వ్యాయామం, ఇన్సులిన్ - ఈ మూడూ ఒకే రథానికి కట్టిన మూడు గుర్రాలని ఆయన బొమ్మ గీసి మరీ చెప్పేవారు. రోగి తోలేవాడు. ఏ ఒక్క గుర్రం అదుపు తప్పినా రథం బోల్తా.

డాక్టర్లూ దేశం నలుమూలల నుంచీ, బయట దేశాల నుంచీ అక్కడికొచ్చి నేర్చుకుని వెళ్లేవారు. షుగరు రోగి స్పృహ తప్పి చనిపోయాడంటే, అది జబ్బు చేసిన హత్య కాదు, ఎక్కడో ఎవరో పాఠం సరిగా చెప్పకపోవడం వల్ల జరిగిందని జాస్లిన్ లెక్క. కాలు కుళ్లి తీసెయ్యాల్సి వచ్చినా అంతే. ఇన్సులిన్ వచ్చాక రోగులు ఎక్కువ కాలం బతకడం మొదలైంది. బతికే కొద్దీ కాళ్లు, కళ్లు, గుండె, మూత్రపిండాలు దెబ్బ తినడం మొదలైంది. పాదాల సంగతి విధిరాత కాదని, రోజూ కడుక్కుని తుడుచుకుని చూసుకుంటే చాలావరకు తప్పుతుందని ఆయన డాక్టర్ల చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. సాక్సు విప్పించి చూడని డాక్టరు షుగరు డాక్టరే కాదన్నంతగా పట్టుబట్టారు.

ఇది రాస్తుంటే మా అమ్మ గుర్తొస్తోంది. తొమ్మిదేళ్లు ఒకే డాక్టరు దగ్గరికి వెళ్లింది, పేరెందుకు లెండి. ప్రతిసారీ రిపోర్టు చూడటం, అదే మాత్ర రాయడం, ఫీజు తీసుకోవడం. ఒక్కనాడూ చెప్పు విప్పమనలేదు. కాలికి స్పర్శ పోయిందని మాకు తెలిసింది, పాదానికి గుచ్చుకున్న మేకు రెండు రోజులు ఆవిడకే తెలీకుండా ఉన్నప్పుడు. వేలు ఒకటి పోయింది గానీ కాలు దక్కింది.

ఇంటింటికీ తిరిగే నర్సులు

ఆడవాళ్ల పేజీలో ఈ మనిషి గురించి రాయాలనిపించడానికి ఇంకో కారణం ఉంది. షుగరు వైద్యంలో సగం పని వంటింట్లోనే జరుగుతుందని ఆయనకి బాగా తెలుసు. అందుకే నర్సులకి ప్రత్యేకంగా శిక్షణ ఇప్పించారు. వాళ్లు రోగుల ఇళ్లకి వెళ్లేవాళ్లు. బియ్యమో రొట్టో ఎంత కొలవాలో, సూది ఎక్కడ వెయ్యాలో, పిల్లాడు పేలవంగా కనిపిస్తే ఏం పెట్టాలో తల్లికి దగ్గరుండి నేర్పేవాళ్లు. ఒక ఊళ్లో డాక్టరుకి తెలీని సంగతి ఆ నర్సుకి తెలిసి ఉండేది. ఆ రోజుల్లో డాక్టరు ముందు నర్సు నోరెత్తడమే గొప్ప. అలాంటిది నర్సుని పంతులమ్మని చేశారాయన.

1924లో ప్రిసిల్లా వైట్ అనే యువ డాక్టరు ఆయన దగ్గర చేరింది. అప్పటికి షుగరున్న ఆడపిల్ల పెళ్లాడి, కడుపు పండించుకోవాలనుకుంటే డాక్టర్లే వద్దనేవారు. పుట్టే బిడ్డల్లో దాదాపు సగం మంది దక్కేవారు కారు. తల్లి ప్రాణానికీ పూచీ ఉండేది కాదు. వైట్ ఆ ఆశ వదులుకోలేదు. నెల నెలా కాదు, వారం వారం చూసుకుంటూ, ఇన్సులిన్ మోతాదు సర్దుతూ, కాన్పు ఎప్పుడు చెయ్యాలో ముందే లెక్క కట్టుకుంటూ ఒక్కో తల్లినీ ఒడ్డుకి చేర్చింది. తల్లికి జబ్బు ఎన్నేళ్ల నించి ఉంది, రక్తనాళాలు ఎంతవరకు దెబ్బ తిన్నాయి అన్నదాన్ని బట్టి గర్భిణుల్ని తరగతులుగా విడగొట్టి 1949లో ఆవిడ ప్రచురించిన పట్టిక కాన్పుల డాక్టర్లకి దశాబ్దాలపాటు పాఠ్యమైంది. 1974లో రిటైరయ్యే నాటికి రెండు వేలకి పైగా కాన్పులు చూసింది. బిడ్డ దక్కే అవకాశం తొంభై శాతం దాటింది. 1960లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వారి బ్యాంటింగ్ మెడల్ అందుకుంది. ఆ గౌరవం దక్కిన మొదటి మహిళ ఆవిడే. జాస్లిన్ చేసిన మంచి పనుల్లో, ఆవిడని నమ్మి ఆ పని అప్పగించడం అన్నిటికంటే గొప్పదంటాను నేను.

జాస్లిన్ పుట్టిన ఆక్స్‌ఫర్డ్ ఊరే అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించిన క్లారా బార్టన్‌ది కూడా. ఆవిడ పుట్టింటి దగ్గరే 1932లో షుగరున్న ఆడపిల్లల కోసం వేసవి శిబిరం పెట్టారు. నడిపింది ఒక మహిళా సంఘం. మిగతా పిల్లల్లాగే ఈతలు కొడతారు, చెట్లెక్కుతారు. దాంతోపాటు తమ సూది తాము వేసుకోవడం నేర్చుకుంటారు. తనొక్కతే కాదు, తనలాంటి వాళ్లు ఇంకా ఇంతమంది ఉన్నారని ఆ పిల్లకి తెలియడమే సగం మందు. మగపిల్లలకి ఇలాంటి శిబిరం 1948లో గానీ రాలేదు. ఈ ఒక్క చోటైనా ఆడపిల్లలు ముందున్నారు!

సొంత ఊళ్లో లెక్క

1946లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ డాక్టర్లు ఆక్స్‌ఫర్డ్ ఊరినే ఎంచుకుని ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేశారు. ఊళ్లో 5 వేలకి కాస్త తక్కువ జనం. 3,516 మందికి పరీక్ష జరిగింది. 70 మందికి షుగరు తేలింది. అందులో 40 మందికి తమకి జబ్బుందని ముందే తెలుసు. మిగతా 30 మందికి ఆ రోజుదాకా తెలీదు. అంటే తెలిసినవాళ్లు నలుగురుంటే తెలీనివాళ్లు ముగ్గురు. అంతటి షుగరు డాక్టరు పుట్టిన ఊళ్లోనే ఇలా ఉంటే మిగతా ఊళ్ల మాట చెప్పేదేముంది? దాహం, ఆకలి, అతిమూత్రం అని చెప్పుకుంటూ రోగి వచ్చేదాకా డాక్టరు కూర్చోకూడదని, రోగిని వెతుక్కుంటూ వెళ్లాలని ఈ లెక్క నేర్పింది.

అలాగని ఆయన చెప్పిందంతా అందరూ చేతులు జోడించి విన్నారనుకోకండి. 1940ల్లో న్యూయార్క్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ టాల్‌స్టాయ్ లాంటివాళ్లు, ఇన్సులిన్ ఉందిగా, రోగి మామూలుగా తినొచ్చు, మూత్రంలో కాస్త చక్కెర పోతే ఏమీ కాదు, బరువు తగ్గకుండా, బాగున్నట్టు అనిపిస్తే చాలన్నారు. రోగులకి ఈ మాట తేనె పోసినట్టుంటుంది మరి. జాస్లిన్ ఒప్పుకోలేదు. ఇవాళ బాగున్నట్టు అనిపించడం కాదు, పాతికేళ్ల తర్వాత కళ్లు కనపడతాయా అన్నది చూడాలన్నారు. తేల్చిచెప్పే సాక్ష్యం మాత్రం అప్పుడు ఇద్దరి దగ్గరా లేదు. డాక్టర్లు రెండు జట్లయ్యారు.

ఇందులో జాస్లిన్‌ని నేను పూర్తిగా వెనకేసుకు రాలేను. ఆయనది కట్టె విరిచినట్టుండే క్రమశిక్షణ. బక్కపలచని మనిషి, మితాహారి, పొద్దున్నే లేచి పనిలో పడేవారు, సెలవు దొరికితే ఆక్స్‌ఫర్డ్‌లో తన పొలం దగ్గరికి వెళ్లేవారు. తానెంత నిష్ఠగా ఉండేవారో రోగులూ అలాగే ఉండాలనేవారు. చక్కెర పెరిగితే తప్పు రోగిదే అన్న ధోరణి ఆయన మాటల్లో తొంగి చూసేది. మనకి తెలీంది కాదు ఇది. రిపోర్టు బాగా రాకపోతే స్వీట్లు తిన్నావా అని ముద్దాయిని అడిగినట్టు అడిగే డాక్టర్లు మన దగ్గరా ఉన్నారు. ఇంటిల్లిపాదికీ వండి, అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలు గ్రాములు తూచుకు తినడం ఎంత కష్టమో అడిగినవాళ్లకేం తెలుస్తుంది! అడగాల్సింది ఇంటి పరిస్థితి. ఆయన నర్సుల్ని ఇళ్లకి పంపించారు కాబట్టి నేనైతే ఆయన్ని క్షమించేస్తాను.

పాఠం ఆగలేదు

1952లో ఆయన ఆసుపత్రికి జాస్లిన్ క్లినిక్ అని పేరొచ్చింది. 1956లో సొంత భవనంలోకి మారారు. రోగులు కొన్నాళ్లు అక్కడే ఉండి, పొద్దున లేచింది మొదలు జబ్బుతో కాపరం చెయ్యడం నేర్చుకుని వెళ్లే ఏర్పాటు అందులో ఉంది. కొడుకు ఆలెన్ కూడా తండ్రి బాటలోనే షుగరు డాక్టరయ్యాడు. తొంభై దాటినా జాస్లిన్ రోగుల్ని చూడటం, రాయడం మానలేదు. 1962 జనవరి 28న కన్ను మూశారు.

ఆయన పోయిన 31 ఏళ్లకి టాల్‌స్టాయ్‌తో తగువు తీరింది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది ఇన్సులిన్ రోగుల మీద, సగటున ఆరున్నరేళ్లపాటు జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1993లో బయటికొచ్చాయి. చక్కెరని కట్టుదిట్టంగా ఉంచినవాళ్లలో, మొదట కళ్లు బాగున్నవాళ్లకి కంటి జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. మూత్రపిండాలకీ, నరాలకీ కూడా మేలు జరిగింది. ఆ తర్వాత ప్రపంచమంతటా షుగరు డాక్టర్లు తమ పద్ధతులు మార్చుకోవాల్సి వచ్చింది. అంటే మళ్లీ బడికి వెళ్లాల్సి వచ్చింది.

మన దేశంలో డాక్టర్లకి ఈ బడి ఉందా అని అడుగుతారేమో. కాగితం మీదైతే ఉంది. డాక్టరు ఐదేళ్లలో కనీసం 30 గంటలు కొత్త విషయాల తరగతులకి వెళ్లాలని భారత వైద్య మండలి 2002లోనే తన నియమావళిలో రాసింది. ఐదేళ్లకి 30 గంటలంటే ఏడాదికి ఆరు గంటలు. రెండు సినిమాలు చూసినంతసేపు. మీ డాక్టరుగారి గోడ మీద పట్టా పక్కన ఆ తరగతుల సర్టిఫికెట్లు ఏమన్నా ఉన్నాయేమో ఈసారి వెళ్లినప్పుడు ఓ కన్నేసి చూడండి. మర్యాదగా అడిగినా తప్పు లేదు. ఆ పక్కనే కాళ్లు చూపించండి. కంటి పరీక్ష ఎప్పుడు చెయ్యాలో, మూత్రపిండాల పరీక్ష ఎప్పుడో ఒక చీటీ మీద రాసుకుని తీసుకెళ్లండి. మనం అడిగే ప్రశ్నే ఒక్కోసారి ఆయన చేత పుస్తకం తెరిపిస్తుంది.

జాస్లిన్ బతికుండగా, 1940ల చివర్లో, ఇన్సులిన్‌తో పాతికేళ్లు పూర్తి చేసినవాళ్లకి పతకాలివ్వడం మొదలుపెట్టారు. రోగికి పతకమేమిటని నవ్వకండి. యుద్ధంలో గెలిచినవాళ్లకి ఇస్తారు కదా. పాతికేళ్లపాటు రోజూ సూది వేసుకోవడం, రోజూ నోరు కట్టుకోవడం అంతకు తక్కువ యుద్ధమా? ఆయన పోయాక 1970 నుంచి యాభై ఏళ్లు నిండినవాళ్లకి కూడా ఇస్తున్నారు. 2005లో ఆ యాభై ఏళ్ల పతకం వాళ్లని పిలిచి, ఇన్నేళ్లు వీళ్లు ఎలా నిలబడ్డారో తెలుసుకుందామని జాస్లిన్ కేంద్రం వాళ్లే పరీక్షలు మొదలుపెట్టారు. తీరా చూస్తే వాళ్లలో చాలామంది ఒంట్లో, అర్ధశతాబ్దం తర్వాత కూడా, కొద్దిగా సొంత ఇన్సులిన్ ఊరుతూనే ఉంది. ఇన్సులిన్ రోగుల్లో క్లోమం ఏనాడో పూర్తిగా ఎండిపోతుందని పుస్తకాల్లో రాసుకున్న డాక్టర్లు ఆ పేజీ మళ్లీ దిద్దుకోవాల్సి వచ్చింది.